స్పిట్‌ఫైర్ మోడల్ మీద హైదరాబాద్ పేరు ఏది?

152 స్క్వాడ్రన్, వార్మ్‌వెల్, 1940. ఇంగ్లండ్ దక్షిణాన డోర్సెట్‌లో పోయిన నెల జరిగిన ప్లాస్టిక్ మోడళ్ళ ప్రదర్శనలో, ఒక స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం ముందు పెట్టిన కార్డు మీద రాసింది ఇంతే. మోడల్ మీంచి చూపు తిప్పుకోవడం కష్టం. పొగగొట్టాల వెనక మసి చారలు, పైలట్ కాలు పెట్టి ఎక్కే చోట రంగు లేచి బయటపడ్డ లోహం, రెక్కల ముందంచున తుపాకీ రంధ్రాల మీద అంటించిన ఎర్ర గుడ్డముక్కలు, అన్నీ ఉన్నాయి. లేనిది ఆ స్క్వాడ్రన్ పూర్తి పేరు. బ్రిటిష్ వైమానిక దళంలో దాన్ని 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ అనేవారు.

ఆ కార్డు చదివి మనసు చివుక్కుమన్న ఈ రచయిత్రిది తూప్రాన్ దగ్గర పల్లె. చదువు హైదరాబాద్‌లో, ఉద్యోగం ఇప్పుడు పూల్ పట్టణంలో. బ్రాకెట్లో ఉండాల్సిన పేరు ఏమైందని అడిగితే, మోడల్ చేసిన పెద్దాయన ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. ఆ పేరు ఎక్కడో చదివాడట, మోడల్‌కి అవసరం లేదనుకున్నాడట. ఆయనకు చెడు ఉద్దేశం ఏమీ లేదు. అవసరం లేదనుకోవడమే బాధ కలిగించింది. తుపాకీ రంధ్రం మీది గుడ్డముక్క అవసరమైనప్పుడు, విమానాలకు డబ్బిచ్చిన రాజ్యం పేరు ఎందుకు అవసరం కాలేదు?

బ్రిటన్ యుద్ధం గురించి చదివినవాళ్ళకి 152 అంకె కొత్తేమీ కాదు. 1939 అక్టోబరులో ఈ స్క్వాడ్రన్‌ను మళ్ళీ ఏర్పాటు చేశారు. 1940 జులైలో అది వార్మ్‌వెల్ ఎయిర్‌ఫీల్డుకు వచ్చింది. పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్నీ, దక్షిణ తీరాన్నీ జర్మన్ బాంబర్ల నుంచి కాపాడడం దాని పని. విమానాల పక్కన యూఎం అనే అక్షరాలుండేవి. హైదరాబాద్ పేరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తు. స్క్వాడ్రన్ చిహ్నం మధ్యలో ఉన్నది నిజాం దస్తార్. చౌమహల్లా ప్యాలెస్ చూసిన ఎవరైనా దాన్ని ఇట్టే పోల్చుకుంటారు. కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అనే అర్థమిచ్చే నినాదం. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకి ఇచ్చిన బిరుదు కూడా అదే.

ఇదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. హరికేన్ విమానాలతో లండన్ శివార్లలోని కెన్లీ నుంచి పోరాడిన 253 స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్టేట్. అంతకు ముందు 1918లో నిజాం డబ్బుతో సమకూరిన డీహెచ్ 9ఏ బాంబర్లు తీసుకుని ఫ్రాన్స్ వెళ్ళిన 110 స్క్వాడ్రన్‌ది కూడా హైదరాబాద్ పేరే.

ఈ ప్లాస్టిక్ మోడళ్ళ ప్రపంచం మీద ఈ రచయిత్రికి చాలా గౌరవం ఉంది. కొడుకు కోసం కొన్న పెట్టె ఆమె చేతికి చిక్కి, అలవాటై, ఇప్పుడు భోజనాల బల్లలో ఒక మూల పూర్తిగా రంగు డబ్బాలదే. 1:72 అనే కొలత 1930లలో ఇంగ్లండ్‌లో స్కైబర్డ్స్ అనే చెక్క నమూనాలతో నిలదొక్కుకుంది. ఆరడుగుల మనిషి ఈ కొలతలో ఒక అంగుళం ఉంటాడు. 1936లో ఫ్రాగ్ కంపెనీ ఇదే కొలతలో ప్లాస్టిక్ కిట్లు తెచ్చింది. 1942లో అమెరికా నౌకాదళం శత్రు విమానాలను ఆనవాలు పట్టే శిక్షణ కోసం బడిపిల్లల చేత ఇదే కొలతలో చెక్క విమానాలు చేయించింది. హంగరీ నుంచి వలస వచ్చిన నికొలస్ కోవ్ 1939లో పెట్టిన ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1953లో తొలి స్పిట్‌ఫైర్ కిట్ అమ్మకానికి పెట్టాక, బ్రిటన్‌లో ఒక తరం మగపిల్లలంతా జిగురు వాసనలో పెరిగారు. వాళ్ళే ఇప్పుడు తెల్లజుట్టుతో క్లబ్బుల్లో కూర్చుంటున్నారు. ఏటా నవంబరులో టెల్‌ఫర్డ్‌లో జరిగే పెద్ద ప్రదర్శనకు దేశదేశాల నుంచి వస్తారు.

వీళ్ళ శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. 1940 జూన్‌లో యుద్ధ విమానాల అడుగుభాగానికి ‘స్కై’ అనే లేత ఆకుపచ్చ రంగు వేయాలని ఆదేశాలొచ్చాయి. రంగు చాలినంత దొరక్క ఒక్కో చోట ఒక్కో రకంగా కలిపి వేసుకున్నారు. కొన్ని నీలి ఛాయలో, కొన్ని ఆకుపచ్చ ఛాయలో తేలాయి. ఏ నెలలో ఏ స్క్వాడ్రన్ విమానం కడుపు ఏ ఛాయలో ఉండేదన్న వాదన ఎనభై ఏళ్ళు దాటినా ఇంకా తెగలేదు. క్లబ్బులో ఇద్దరు పెద్దమనుషులు పాత నలుపు తెలుపు ఫొటో ముందు పెట్టుకుని ఈ సంగతి మీద టీ చల్లారిపోయేదాకా వాదించుకోవడం ఈ రచయిత్రి కళ్ళారా చూసింది. అది పిచ్చి కాదు, జరిగినదాన్ని జరిగినట్టు చూపాలన్న నిజాయితీ. ఆ నిజాయితీ వల్లే ఆమె ఈ హాబీని ప్రేమిస్తోంది.

ఆ నిజాయితీ స్క్వాడ్రన్ పేరు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుంది?

ఆగిపోతుందనడానికి ఆ ప్రదర్శనలోని కార్డు ఒక్కటే సాక్ష్యం కాదు. వార్మ్‌వెల్ విమానం చేయాలని ఆమె యూఎం అక్షరాల డెకాల్స్ (మోడల్ మీద అంటించే అచ్చు ముక్కలు) విడిగా తెప్పించుకుంది. వాటితో వచ్చిన కాగితంలో పైలట్ పేరు, తేదీ, రంగుల నంబర్లు వరసగా ఉన్నాయి. స్క్వాడ్రన్ దగ్గర అంకె ఒక్కటే ఉంది. ఆ తర్వాత కొన్న ఒక బొమ్మల పుస్తకంలోనూ అంతే. 1940లో విమాన ఉత్పత్తి మంత్రి లార్డ్ బీవర్‌బ్రూక్ హయాంలో స్పిట్‌ఫైర్ నిధులు వెల్లువెత్తాయి. ఒక విమానానికి 5,000 పౌండ్లని లెక్క కట్టారు, అసలు ఖర్చు అంతకంటే చాలా ఎక్కువే. డబ్బిచ్చిన ఊరి పేరో సంఘం పేరో విమానం మీద రాసేవారు. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరు అలా ఒక్క విమానానికి డబ్బు పోగుచేస్తే, ఆ పేరు సన్నటి అక్షరాలతో డెకాల్‌గా అచ్చువేసి అమ్ముతారు. మోడల్ చేసేవాళ్ళు భూతద్దం పెట్టుకుని మరీ దాన్ని అంటిస్తారు. మంచిదే. ఒక స్క్వాడ్రన్ మొత్తానికి పేరైన రాజ్యానికి ఆ మర్యాద దక్కకపోవడం న్యాయం కాదు.

కిట్ సంగతి చెప్పాలి. స్పిట్‌ఫైర్ మార్క్ 1 అసలు విమానం రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకి 11.23 మీటర్లు. 1:72 కొలతలో పదిహేనున్నర సెంటీమీటర్లు దాటుతుంది. ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని వస్తాయి. వాటిని కత్తిరించి, కొసలు ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాలి. ముందు కాక్‌పిట్: సీటు, కంట్రోల్ కర్ర, మీటర్ల పలక. వాటికి రంగు వేసి ఆరాకే విమానం ఒంటి రెండు సగాలనూ కలపాలి, తర్వాత లోపలికి కుంచె వెళ్ళదు. ఈ జిగురు మామూలు బంక లాంటిది కాదు. ప్లాస్టిక్‌నే కాస్త కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది, ఎక్కువైతే అంచు కరిగిపోతుంది. రెక్కల కింద రెండు వైపులా ఒకేలా ఉండదు. కుడివైపు పెద్ద రేడియేటర్, ఎడమవైపు సన్నటి ఆయిల్ కూలర్. ఆ తేడా చేత్తో పట్టుకున్నాక గానీ తెలియలేదు.

రెక్క పట్టుకున్నప్పుడు ఆర్.జె. మిచెల్ గుర్తుకొస్తాడు. పూల్‌కి ఎంతో దూరం లేని సౌతాంప్టన్‌లో సూపర్‌మెరీన్ ప్రధాన డిజైనర్. 1936 మార్చి 5న ఈస్ట్‌లీ మైదానం నుంచి తొలి స్పిట్‌ఫైర్ ఎగరడం ఆయన చూశాడు. మరుసటి ఏడు జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయాడు, 42 ఏళ్ళ వయసులో. ఎనిమిది తుపాకులూ, మడిచిన చక్రాలూ పట్టేంత వెడల్పు ఉంటూనే పల్చగా ఉండాలన్న అవసరంలోంచి ఆ కోడిగుడ్డు ఆకారపు రెక్క పుట్టింది. దాని అంచును ఉప్పు కాగితంతో రుద్దుతుంటే, ఇంత పల్చటి రెక్కలో అన్ని వస్తువులు ఎలా అమర్చారా అన్న ఆశ్చర్యం వేలి కొసలకు తగులుతుంది. ఈ దేశం మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఈ పనితనానికి చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే.

క్లబ్బులో ఒకాయన, మీ దేశంలో చేత్తో బొమ్మలు చేసే సరదా ఉండదేమో అన్నాడు. పరిచయం కోసం అన్న మాట. ఆమెకు చర్రుమంది. నాంపల్లి నుమాయిష్‌లో ప్రతి ఏడూ తండ్రి వేలు పట్టుకుని చూసిన కొండపల్లి దుకాణం కళ్ళముందుకొచ్చింది. తెల్లపొనికి కర్ర చెక్కి, ముక్కలు అతికి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో సందులు పూడ్చి, సున్నం పూసి, రంగులద్దే పని ఆయనకు ఓపిగ్గా వివరించింది. ఇక్కడ రెక్కకీ ఒంటికీ మధ్య సందులో పుట్టీ నింపి రుద్దడం కూడా మక్కు పెట్టడం లాంటిదే అంది.

ఆ పోలిక అక్కడితో ఆగిపోయింది. కొండపల్లి కళాకారుడు అంబారీ ఏనుగును ఏ ఏనుగు కొలతలూ తీసి చెయ్యడు. తండ్రి దగ్గర నేర్చిన ఏనుగును చేస్తాడు. అది ఎవరి ఏనుగు, ఏ ఊరిది అని ఎవరూ అడగరు. స్పిట్‌ఫైర్ మోడల్ అలాంటిది కాదు. అది ఒకానొక రోజు, ఒకానొక మైదానంలో నిలబడిన ఒకే ఒక్క విమానం. ఎవరిది అన్న ప్రశ్న లేకుండా ఆ మోడలే లేదు.

పల్లెలో చిన్నప్పుడు చేసిన విమానాలకు కొలతల్లేవు. జొన్నకోతలు అయ్యాక దంట్లు ఎండితే, పైన పేడు ఒలిచి లోపలి బెండు తీసేవాళ్ళు. బెండు ఒళ్ళు, పేడు రెక్కలు, తుమ్మముల్లు మేకు. బండ్లూ కళ్ళద్దాలూ చేయడం అందరికీ వచ్చు. విమానం చేయడం మాత్రం దుండిగల్ దయ. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి కిరణ్ శిక్షణ విమానాలు పొలాల మీదుగా తిరుగుతుంటే కలుపు తీసేవాళ్ళు కూడా నడుం ఎత్తి చూసేవాళ్ళు. పిల్లలు రెక్క ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో చూసి గుర్తుపెట్టుకుని, సాయంత్రం బెండు విమానానికి పేడు అటూ ఇటూ జరిపేవాళ్ళు. గాలి వాటంగా విసిరితే దొడ్డి గోడ దాటితే చాలు. ఆ ఊళ్ళో ఏ బడి పంతులూ నిజాం డబ్బుతో ఇంగ్లండ్‌లో విమానాలు ఎగిరాయని చెప్పలేదు. హైదరాబాద్ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి తెలియడానికి ఇంగ్లండ్ రావాల్సి వచ్చింది.

నాయనమ్మకు చెప్పి ఉంటే ఏమనేదో. ఆమె నోట నిజాం పేరు వచ్చినప్పుడల్లా వెంట లెవీ మాట వచ్చేది. యుద్ధకాలంలో సర్కారు రైతుల దగ్గర బలవంతంగా సేకరించిన ధాన్యం అది. “మా గరిసెల వడ్లు మాకు ఉండనియ్యలే బిడ్డా, లెవీ అని గుంజుకపోయిన్రు” అనేది. పెద్ద భూస్వాముల కొట్లు నిండుగా ఉండగా చిన్న రైతు గరిసెలు ఊడ్చుకుపోవడం తెలంగాణ సాయుధ పోరాటానికి దారితీసిన కారణాల్లో ఒకటి. అందుకే 152 దగ్గర హైదరాబాద్ పేరు రాయమని అడగడం నిజాం కీర్తి కోసం కాదు. విరాళం ఇచ్చింది నిజాం. ఆ ఖజానాకు శిస్తు కట్టింది మెదక్, నల్లగొండ, వరంగల్, కరీంనగర్ రైతులు, మరాఠ్వాడా రైతులు, కన్నడ జిల్లాల రైతులు. ఈ విమానం కోసం వాళ్ళను ఎవరూ అడగలేదు. ఆ బ్రాకెట్లో ఉన్న పేరు వాళ్ళది. దాన్ని వదిలేస్తే వాళ్ళ కష్టాన్ని రెండోసారి కూడా లెక్కలోకి తీసుకోనట్టే.

కోస్తా, సీమ పాఠకులు ఇది తెలంగాణ గొడవ అనుకోకూడదు. స్పిట్‌ఫైర్‌లతోనే పోరాడిన 234 స్క్వాడ్రన్ పూర్తి పేరు 234 (మద్రాస్ ప్రెసిడెన్సీ). విమానాల మీద ఏజెడ్ అక్షరాలు. 1940 ఆగస్టులో మిడిల్ వాలప్ నుంచి ఇదే దక్షిణ తీరాన్ని కాసింది. డిఫయంట్ విమానాలతో డన్‌కర్క్ మీద పోరాడిన 264 స్క్వాడ్రన్‌దీ మద్రాస్ ప్రెసిడెన్సీ పేరే. ఆ ప్రెసిడెన్సీలో విశాఖపట్నం, గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు ఉన్నాయి. మోడళ్ళ బల్లల మీద ఈ రెండు పేర్లూ బ్రాకెట్లతో సహా ఈ రచయిత్రికి ఇంతవరకు కనబడలేదు.

వార్మ్‌వెల్ వెళ్ళి చూడడం ఆమెకు మేలు చేసింది. ఎయిర్‌ఫీల్డ్ చాలా భాగం కంకర క్వారీగా మారింది. మిగిలిన చోట క్రాస్‌వేస్ ఊరి ఇళ్ళు లేచాయి. ఊళ్ళో స్మారక శిల ఉంది. కొంచెం దూరంలో వార్మ్‌వెల్ చర్చి ఆవరణలో వైమానికుల సమాధులు వరసగా, గడ్డి సమంగా కత్తిరించి, రాళ్ళు కడిగి ఉన్నాయి. ఇరవై దాటిన, దాటని కుర్రాళ్ళు. వాళ్ళ విమానాల ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందన్న వాదం ఆ రాళ్ళ ముందు ఎవరూ ఎత్తలేరు. చనిపోయినవాళ్ళను ఇంత కాలం తర్వాత కూడా ఇంత జాగ్రత్తగా చూసుకునే ఊరిని చూసి ఆమెకు ఈ దేశం మీద గౌరవం పెరిగింది. ఇంత గుర్తుపెట్టుకునే జాతి ఇంకొక్క మాట గుర్తుపెట్టుకోవడం కష్టమా అన్న ప్రశ్న కూడా అంతే బలంగా పెరిగింది.

యుద్ధం సాగేకొద్దీ 152 స్క్వాడ్రన్ మన వైపే వచ్చింది. 1943 చివర్లో ఇండియా చేరి, స్పిట్‌ఫైర్ మార్క్ 8లతో ఇంఫాల్, బర్మా రణరంగంలో జపాన్ విమానాలతో తలపడింది. ఆ విమానాల పక్కన దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. మోడల్ చేసేవాళ్ళకు ఆ చిరుత అంటే ప్రాణం. చిరుత మీసాలు సరిగా పడ్డాయా లేదా అని చూస్తారు. ఆ చిరుత పక్కనా హైదరాబాద్ లేదు.

ఈ రచయిత్రి చేసిన యూఎం స్పిట్‌ఫైర్ ఇప్పుడు పూర్తయింది. వచ్చే ప్రదర్శనలో క్లబ్బు బల్ల మీద దానికి చోటిచ్చారు. కార్డు మీద పూర్తి పేరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి పెడతానంటే క్లబ్బు పెద్దలు సంతోషంగా ఒప్పుకున్నారు. ప్రదర్శనలో కార్డు రాసిన పెద్దాయన కూడా తన కార్డు మారుస్తానన్నాడు. అడిగితే కాదనేవాళ్ళు లేరు. కాబట్టి అడగాలి. బ్రిటన్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో పిల్లలకు ఈ కిట్లు కొనిపెడుతున్న తెలుగు తల్లిదండ్రులు 152, 253, 234, 264 అంకెలు కనబడితే పక్కన పూర్తి పేరు రాయించండి. డెకాల్స్ అమ్మేవాళ్ళకు ఉత్తరం రాయండి. ఆ పేరు వెనక ఎవరి పొలాలున్నాయో పిల్లలకు చెప్పండి.

లండన్ వచ్చినవాళ్ళు హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంకి తప్పక వెళ్ళండి. 110 స్క్వాడ్రన్ డీహెచ్ 9ఏ బాంబర్ ఒకటి ఆ మ్యూజియం సేకరణలో ఉంది. 1918 అక్టోబరు 5న జర్మనీ మీద దాడికి వెళ్ళి శత్రువుల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో యుద్ధంలో పోలండ్ చేరి, క్రాకోలో ఏళ్ళ తరబడి పడి ఉంది. 1977లో బ్రిటన్ దాన్ని వెనక్కి తెచ్చుకుంది, బదులుగా పోలండ్‌కి ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చింది. అది హైదరాబాద్ నిజాం బహూకరించిన విమానమని దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. మ్యూజియం ప్రవేశం ఉచితం. కొలిండేల్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళొచ్చు.